ఏడో ఫారం

అసలు మీరేం చూశారో చెప్పండి మాస్టారూ! నా పక్క సీట్లోనే కూర్చున్నారుగా. అది మన ప్రెస్సులో అచ్చేసిన నవలేనా? లాండ్రీ పిల్లను నలుగురిలో ఎగతాళి చేసినవాడు, రోజూ తెల్లారకముందే వచ్చి, దొంగలా ఆమె తొట్లకు నీళ్లు నింపిపోతాడా? పుస్తకంలో ఎక్కడుందిది? ఈ సినిమావాళ్లకు ఎవరి కథైనా సొంత పెరడే!

ఉండండి, ఈ సినిమాహాలు మెట్ల మీద కాసేపు కూర్చుందాం. జనం పోనీండి. తొందర నా నోటికే గాని మోకాళ్లకు లేదు.

సంచిలోంచి ఏమిటి తీస్తున్నారు? అయ్యో, పుస్తకం వెంటబెట్టుకొచ్చారా! తొంభై ఏడో పేజీయా? ఏదీ, మీ కళ్లజోడు ఇటివ్వండి.

...ఉంది. తొట్లు, నీళ్లు, ఆ వెధవ జారిపడటం, అన్నీ ఉన్నాయి.

నవ్వండి, నవ్వండి. నా పుస్తకంలో తొంభై ఆరు తర్వాత నూటపదమూడు! ఏడో ఫారం మడత మొత్తం లేదు. బైండింగులో పాడైన పుస్తకాలేగా మనకిచ్చేది, కొనుక్కునే మొహాలా మనవి? పదహారు పేజీలేగా, చెట్టూ పుట్టా వర్ణనలు అయ్యుంటాయిలే అనుకున్నాను. నా దాంట్లో వాడు వెక్కిరిస్తాడు, పేజీ తిప్పితే పెళ్లి! ఛీ, రోషం లేని పిల్ల అని ఇన్నేళ్లూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఫారం పోవడానికి కారణమెవరో తెలుసా? మీరే! బల్ల చుట్టూ తిరుగుతూ దొంతరకొక ఫారం ఎత్తుకుంటూ వస్తున్నాను. మీరు అచ్చు మిషన్ దగ్గర్నుంచి అరిచారు: "ఈవిడ మడతలు పూర్తయ్యేలోపు నవల రెండో ముద్రణకొస్తుంది!" సెక్షనంతా గొల్లుమంది. పద్నాలుగో ఏట నుంచి సూదిపోట్లు తిన్న వేళ్లివి. సమ్మెలో దెబ్బలు తిని కూడా కంటతడి పెట్టనిదాన్ని. ఆ రోజు కళ్లు మసకేసి ఏడో దొంతర దాటేశాను. అలా పాడైన పుస్తకమే చివరికి నా వాటాకొచ్చింది.

సరే, అసలు సంగతి అది కాదు.

ఆ మర్నాటి నుంచి నేనొచ్చేసరికి నా బల్ల మీద మడిచిన ఫారాల కట్ట. ఇరవై రోజులు! అంచుకు అంచు కలిపి, ఎంత పొందిగ్గా మడిచారు! ఓ మూల నల్లటి వేలిముద్ర చూసి మీరేనని పోల్చుకున్నాను. మిషన్ దగ్గరివాళ్లకు తప్ప ఆ సిరా ఇంకెవరికి అంటుతుంది? నా నెమ్మదితనాన్ని ఊరికి చాటుతున్నారనుకున్నాను. క్షమాపణని నాకెలా తెలుస్తుంది? ఆ పేజీలే నా దగ్గర లేకపోయె! మీరేమో నవల చదివి, ఇదే పద్ధతనుకుని... అయినా మనిషికి నోరు లేదా? "తప్పయింది" అంటే ముత్యాలు రాలిపోతాయా?

ఇంకోటి కూడా వినండి. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నాను.

మిమ్మల్ని ఊరవతల ప్రెస్సు షెడ్డుకు మార్పించింది నేనే. సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి, "నా పనిలో వేలు పెడుతున్నాడు, అతనుంటే నేనుండను" అన్నాను. పదకొండేళ్లు అక్కడే ఉండిపోయారు! యాజమాన్యం కక్షగట్టిందని యూనియన్ మీటింగులో మీరు ఊగిపోతుంటే, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిందీ నేనే.

ఏం, కోపమా? మరి ఆ భుజాలెందుకు అదురుతున్నాయి? నవ్వా అది! ఇంత చెప్తే నవ్వొస్తోందా మీకు?

మీరూ పెళ్లి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు. జనం ఇద్దరికీ యూనియన్ పిచ్చి అనుకున్నారు. పోనీలెండి. మీలాగా చాటుమాటు సేవలు చేసి, ఎదుటిమనిషికి ఎప్పుడర్థమవుతుందా అని కాచుక్కూర్చునే ఓపిక నాకు లేదు. అరవై నాలుగు నిండాయి. సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ మీద ఫిర్యాదు చేసినదాన్ని పెళ్లి చేసుకుంటారా, చేసుకోరా?