ఎర్ర కారులో రెండో సీటు

నూనెల కొట్టాయన నోరు విప్పాడంటే చేతిలో టీ చల్లారాల్సిందేనని మెకానిక్ షెడ్డులో అందరికీ తెలుసు. పొద్దున్నంతా కొట్లో ఇంజన్ ఆయిలూ గేర్ ఆయిలూ అమ్ముకుంటాడు. మధ్యాహ్నం బేరాలు పల్చబడగానే రోడ్డు దాటి బామ్మర్ది షెడ్డుకొచ్చి, పాత టైరు మీద కూర్చుని కోతలు మొదలుపెడతాడు. వినేవాళ్ళకీ వేరే పనేముంది గనక!

ఆ రోజు కోతకి మాత్రం ఓ కారణముంది. షెడ్డు మధ్యలో పళ్ళ డాక్టరమ్మ ఎర్ర స్పోర్ట్స్ కారు నిలబడి ఉంది, పక్కనే ఆవిడా ఉంది. ఉన్నవి రెండే సీట్లు. మూడో గేరు వేసినప్పుడల్లా కరకరమంటోంది. గేర్ ఆయిల్ మార్చాలి, మార్చాక ఆవిడే పక్కన ఎవర్నైనా కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూడాలి. ఆ పక్క సీటు కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. ఎన్నెన్ని కార్లకో నూనె అమ్మాడు గానీ సాయంత్రమయ్యేసరికి స్కూటరు మీదే ఇంటికి పోయేవాడు. ఇలాంటి కారులో ఒక్కసారి కూర్చుంటే ఈ జన్మకి చాలనుకున్నాడు.

"ఏ ఆయిల్ పొయ్యమంటావు బావా?" అన్నాడు మెకానిక్.

"చెప్తా. డాక్టరమ్మా, డబ్బాల మీద జీఎల్ ఫోర్ అని ఒకటుంటుంది, జీఎల్ ఫైవ్ అని ఇంకోటుంటుంది. నాలుగు కంటే ఐదు పెద్దది కదా, ఐదే మంచిదనుకుని అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు. మీ గేర్‌బాక్సులో ఇత్తడి రింగులున్నాయి. గేరు పడాలంటే ఆ రింగు గట్టిగా పట్టుకోవాలి. ఐదు రకం పోస్తే జారుడెక్కువై పట్టు దొరకదు, కొన్నిటిలో కలిపే మందు ఇత్తడినే తినేస్తుంది. మీ కారు పుస్తకంలో ఫోరే రాసుంటుంది, చూసుకోండి."

డాక్టరమ్మ కారులోంచి పుస్తకం తీసి చూసింది. ఫోరే ఉంది. "పోయినసారి వేరే ఊళ్ళో ఎవరో ఐదు పోశారండీ," అంది మెచ్చుకోలుగా.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగితే ఆయన ఆయనెందుకవుతాడు?

"ఇదేం లెక్కమ్మా! ఒకసారి నా కొట్టు ముందు ఇలాంటిదే పచ్చ కారొకటి ఆగింది. పందేల్లో తోలే కుర్రాడిది. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారట. నేను పాత ఆయిల్ ఒక్క బొట్టు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాను. చూసి, బాబూ, నువ్వు ఎడమచేతి వాటం, నిన్న మీ ఆవిడతో గొడవపడి బండి తోలావు అన్నాను. కాళ్ళ మీద పడ్డాడు!"

"గొడవ సంగతి కూడా ఆయిల్లోనే ఉందా?" అన్నాడు బ్యాటరీలు ఛార్జి చేసే తాత.

"ఉండదా తాతా, కోపంగా వేసిన గేరుకి ఇత్తడి రజను వేరేగా రాలుతుంది. సరే, అటకమీంచి ఒక డబ్బా దించి, నేనే కారు కిందకి దూరి నా చేత్తో పోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు గేరు రాడ్డు మీద చెయ్యి వేయకముందే రెండో గేరు పడింది! మూడు అనుకుంటే మూడు, నాలుగు అనుకుంటే నాలుగు."

"పొరపాటున భోజనం అనుకుంటేనో?" అన్నాడు మెకానిక్.

"వెటకారాలొద్దురా. ఇద్దరం ఎక్కాం. కొండెక్కేటప్పుడు హారన్ కొట్టాడు, వినబడలేదు. చెడిపోయిందేమో అనుకున్నాం. కొండ మీద ఆగి, టీ తాగి, గ్లాసులు కింద పెట్టాక అప్పుడొచ్చిందమ్మా కింద కొట్టిన హారన్, రొప్పుకుంటూ!"

డాక్టరమ్మకి నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి ఆయన ఇంకా రెచ్చిపోయాడు.

"అసలు ముచ్చట చెప్పలేదు. పోసేటప్పుడు ఒక్క బొట్టు రోడ్డు మీద పడింది. అంతే, రోడ్డు జారింది! వీధి చివరుండే మంగలి కొట్టు వీధి మొదటికొచ్చింది. లోపల సగం గడ్డంతో కూర్చున్నవాడు బయటికొచ్చి, ఇది మా వీధి కాదని ఒకటే ఏడుపు."

"మరి తిరిగెలా వచ్చారయ్యా?" అన్నాడు తాత.

"అదే కదా చోద్యం! వెళ్ళినదానికంటే ముందే వచ్చేశాం. నా కొట్టు గుమ్మంలో నిలబడి, నేను ఆ కారెక్కి బయల్దేరడం నా కళ్ళతో నేనే చూశాను. జాగ్రత్తగా వెళ్ళిరా అని చెయ్యి కూడా ఊపాను!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. సీటు దక్కినట్టేనని ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, "అంతా బాగుంది గానీ, మీ చేత్తో మార్చానన్నారు కదా, ముందు ఏ బోల్టు విప్పారు?" అంది.

"కిందదేనమ్మా! పాతది దిగితేనే కదా కొత్తది పోసేది."

మెకానిక్ తల పట్టుకున్నాడు. "అయిపోయావు బావా."

"పోయినసారి అతనూ అలాగే చేశాడండీ," అంది డాక్టరమ్మ. "పాత ఆయిలంతా దించేశాక, పైన పోసే బోల్టు విప్పబోతే తుప్పుపట్టి రాలేదు. కొత్తది పోసే దారి లేదు, కారు కదిపే దారి లేదు. వారం రోజులు నా కారు జాకీల మీదే ఉంది. పళ్ళు పీకేదాన్ని నేనే ముందు నోరు తెరుచుకుంటుందో లేదో చూసుకుంటాను. మీరు జన్మలో ఎప్పుడూ గేర్ ఆయిల్ మార్చలేదు కదూ?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. అమ్మడమే తప్ప ఏ కారు కిందకీ దూరలేదు మరి. ఎర్ర కారు వైపు ఒకసారి చూసి, లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఉండండి," అంది డాక్టరమ్మ. "ఆయిల్ మీరు చెప్పిందే పోయిస్తాను. అది సరిగ్గానే చెప్పారు."

"తిప్పేటప్పుడు కూడా బావనే తీసుకెళ్ళండి," అన్నాడు మెకానిక్, పైబోల్టుకి పానా తగిలిస్తూ. "కాసేపు మా చెవులకి సెలవు."

"సరే. కానీ గేరు పడేటప్పుడు కరకర వస్తోందో లేదో వినాలి. తిరిగొచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడకూడదు."

ఆయన ఎర్ర కారు తలుపు దాకా వెళ్ళాడు. లోపలి సీటుని ఆశగా చూశాడు. నాలుక పెదాల మీద తిప్పుకున్నాడు. చెయ్యి తలుపు మీద వేసి, అంతలోనే తీసేశాడు.

"ఎంత దూరమమ్మా?" అన్నాడు దిగులుగా.