చుక్క కారని పెట్టె

హన్మకొండలో, 1978 ఎండాకాలంలో, శకుంతలమ్మ మేడ మీద కిరాయికి ఉంటున్న కమల, నెల కింద తనకు పూలమొక్కల పెట్టె చేసిచ్చిన వడ్రంగి మొగిలిని పిలిపించింది. పిలిపించిందే గాని, అసలు సంగతి చెప్పడానికి పాపం నోరు రావడం లేదు.

"పెట్టె మంచిగున్నదన్నా. చూసినోళ్లంత మెచ్చుకుంటాండ్రు."

"మెచ్చుకోరా మరి? టేకు చెక్క. సందులల్ల డాంబర్ పోసిన. నెలైంది గద చెల్లె, ఒక్క చుక్కన్న కారిందా?"

"కారలే."

"కారది. కింద శకుంతలమ్మ వాకిట్ల చుక్క పడ్డా ఇల్లు ఖాళీ చేయిస్తదంటివి. పడవ చేసినట్టు చేసిన."

"ముందు కిరాయికున్నోళ్లు అట్లనే చెప్పిండ్రన్నా. చాయ్ తాగుతవా?"

"చాయ్ తర్వాత. మల్లెచెట్టు ఇదేనా? ఆకులు పసుపుపచ్చగైనయేంది?"

"ఎండకు గావచ్చు."

"ఎండకు ఎండుతయి గని పండుబారుతయా? జర వేలు పెట్టి చూస్త. ఓయమ్మ, ఇంత బురదేంది?"

"పోసిన నీళ్లు పోసినట్టే ఉంటానయ్. వేర్లు మురుగుతానయ్."

"తక్కువ పొయ్యి."

"పొయ్యక పది రోజులైంది. అన్నా, కోపం చెయ్యకు. దీనికి అడుగున నాలుగు బొక్కలు పెట్టాలె."

"బొక్కలా? నా పెట్టెకా?"

"నాలుగే."

"చౌరస్తల నలుగురిని పిలిచి, నీళ్లు పోసి చూపిచ్చిన. ఇప్పుడు నేనే బర్మా పట్టుకొని బొక్కలు పొడవాల్నా? పొడవ. వేరే మల్లె తెచ్చుకో, బోలెడున్నయ్."

"ఇది మా అమ్మ పెట్టిన చెట్టు కొమ్మన్నా. స్టేషన్ ఘన్‌పూర్ల మా ఇల్లు అమ్మినంక, కొన్నోళ్లు ఆ చెట్టు కొట్టేసిండ్రు. అమ్మ లేదు, ఆ చెట్టూ లేదు. నాకు మిగిలింది ఇదొక్కటే."

"ఈ మాట అప్పుడే చెప్తె డాంబర్ పోద్దునా? జరుగు. బర్మా సంచిలనే ఉన్నది."

"పెట్టె బోర్లియ్యాల్నా?"

"మట్టి నిండినంక బోర్లిస్తరా? పక్క చెక్కకే, అడుగంట పెడ్త. గట్టిగ పట్టుకో."

"కింద పండుకున్న శకుంతల పెద్దమ్మ లేస్తదేమో. జర మెల్లగ."

"మెల్లగనే తిప్పుతాన. ఆఁ, అయిపోయింది. చూడు."

"అమ్మో, నీళ్లు మేడ అంచు దాటి కిందికి పోతానయన్నా. వేలు అడ్డం పెట్టు."

"ఎన్ని వేళ్లు పెట్టాలె? నెల నీళ్లు అవి. కారనియ్యి."

"మెట్ల మీద చప్పుడైతాంది. పెద్దమ్మే. అన్నా, నువ్వే చెప్పు."

"నేనా? కిరాయికున్నది నువ్వు."

"ఏందే కమలా, కిందికి నీళ్లు పడుతానయ్?"

"తప్పైంది పెద్దమ్మా. ఇప్పుడే బంద్ చేపిస్త. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యమనకు."

"బంద్ ఎందుకే? నల్లా మూడొద్దులకోసారి వస్తాంది, కింద గోడ పొంట నా బచ్చలితీగ ఎండుతాంది. మొగిలీ, గోడ దిక్కు గూడ రెండు బొక్కలు పెట్టు."