విఠల్ కూతురు నా చేతికి వచ్చిన సంగతి

చిక్కడపల్లి పోలీసు స్టేషన్, 1990 అక్టోబరు 9.

నా పేరు రాఘవేందర్, తండ్రి కీ.శే. ఈదయ్య. వయస్సు నలభై ఆరు. కాపురం అశోక్‌నగర్. వృత్తి వ్యాపారం. కువైట్‌లో చాలా ఏళ్లుగా బియ్యం, పప్పుల దుకాణం నడిపాను. విఠల్ మన అడిక్‌మెట్ మనిషి, నా దుకాణంలో పనిచేసేవాడు. అతను, భార్య కమల, ఐదేళ్ల కూతురు తన్మయి దుకాణం వెనక గదిలో ఉండేవారు.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. ఫోన్లు పోయాయి. దుకాణం మూస్తే తాళాలు పగలగొడతారని విఠల్ అన్నందున, సగం షట్టరు ఎత్తి అమ్మాము. అందరికీ అందాలని మనిషికి కొద్దికొద్దిగానే ఇచ్చాము. జనం బియ్యం కన్నా వార్తల కోసమే ఎక్కువగా వచ్చేవారు. నా దగ్గర చిన్న రేడియో ఉంది. జోర్డాన్ దారి తెరిచారా, విమానాలు వస్తున్నాయా అని విని, తూకం వేస్తూ మెల్లగా చెప్పేవాణ్ని. బయటి వార్తలు వింటే పట్టుకుపోతారని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రేడియోను శనగపప్పు సంచిలో దాచేవాణ్ని.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక పొద్దున ముగ్గురు సైనికులు వచ్చి సంచులు కత్తితో కోశారు. పప్పు కారుతూ ఉంది. రేడియో బయటపడింది. ఎవరిదని అడిగారు. నేను మాట్లాడేలోగా విఠల్ తనదని చెప్పాడు. అతన్ని జీపు ఎక్కించారు. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు. రేడియో నాదని అరుస్తూ వెంట పరుగెత్తాను. జీపు ఆగలేదు. రెండు ఠాణాలకు పోయి అదే చెప్పాను. గెంటేశారు.

తరువాత జోర్డాన్ వైపు పోయే బస్సులు దొరికాయి. కమల రానన్నది.

“మీరు పోండ్రి సేటు. పిల్లను తీస్కపోండ్రి. ఆయన ఒచ్చేసరికి ఇంట్ల ఎవరన్న ఉండాలె గద” అన్నది.

పాప పేరు తల్లి పాస్‌పోర్టులోనే ఉంది. అది కమల దగ్గరే ఉండిపోయింది.

సరిహద్దులో ఒక సైనికుడు పాప గడ్డం పట్టుకుని, నన్ను చూపించి, “బాబా?” అన్నాడు. నాన్నేనా అని. పాపకు ఆ మాట తెలుసు. పాప అవుననలేదు, కాదనలేదు. నా మెడ పట్టుకుని ముఖం దాచుకుంది. పొమ్మన్నాడు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో మన ఎంబసీ వారు అడిగితే నా కూతురని నేనే చెప్పాను. కాగితం లేని పిల్లను శరణార్థుల డేరాల్లోనే ఆపేస్తారేమోనని భయపడ్డాను. ఇప్పుడు తమరు అడుగుతున్నా భయంగానే ఉంది.

ఇక్కడికి చేరాక అడిక్‌మెట్‌లో విఠల్ ఇల్లు వెతికాను. ఇంటి నంబరు తెలియక దొరకలేదు. ఈలోగా నేను పిల్లలను ఎత్తుకుపోయేవాణ్నని మా వీధిలో ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. తమరు వాకబు చేయించి విఠల్ తల్లి మాసమ్మను ఈ రోజు పిలిపించారు. పాప ఆమెను ఎన్నడూ చూడలేదు. ఇక్కడి ఇంట్లోనే ఉంటున్న నా భార్య ఉదయశ్రీ కొంగు వదల్లేదు. మాసమ్మ పాపను చాలాసేపు చూసింది.

“ఆయన్నేమనకుండ్రి సారు. పిల్లను ఎత్కపోలే, ఎత్కొచ్చిండు” అన్నది.

తల్లి వచ్చేవరకు పాప మా ఇంట్లో ఉండడానికి, తాను వచ్చి చూసిపోవడానికి ఆమె ఒప్పుకుంది. తరువాత బెంచీ మీద నా పక్కన కూర్చుని, “నా కొడుకున్నడా సేటు?” అని మెల్లగా అడిగింది. అక్కడ ఎంతమందికో వార్తలు చెప్పినవాణ్ని. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను చూసిందీ చేసిందీ మాత్రమే ఇందులో ఉంది. తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు. ఇది నిజం.

(సంతకం) రాఘవేందర్
సాక్షి: మాసమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర