దొంగ ముహూర్తం

వసుంధర మంచమెక్కి నెల దాటింది. పరామర్శ అన్న పేరు పెట్టుకుని, తెనాలిలో పెళ్లి మండపాలు కట్టే పిన్ని కొడుకు అజయ్ బాబు రేపల్లెలో వాళ్లింటికి మంగళవారం పొద్దున్నే ఊడిపడ్డాడు. ఆమె భర్త బాలకృష్ణ ఇద్దరికీ కాఫీలిచ్చి పక్కనే కూర్చున్నాడు.

"ఈ ఒక్కటీ చేసిపెట్టక్కా. బాపట్ల పార్టీ. నీ చేతి గుడ్డపూలు లేకపోతే మండపమే వద్దంటున్నారు. ఎల్లుండే ముహూర్తం."

"నావల్ల కాదురా."

"ఒక్క రాత్రి కూర్చుంటే అయిపోద్ది! నువ్వు కూర్చుంటే ఎంతసేపు?"

"కూర్చోలేకేగా పడుకుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట నీలాంటోడే. కత్తెర ముట్టుకోబుద్ధి కావట్లేదురా. స్నానానికి లేవాలా వద్దా అనుకునేసరికే మధ్యాహ్నమవుతోంది."

"ఏమనుకోకక్కా, అది బద్ధకం."

"బద్ధకమా? గుంటూరు డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ అంది. చిన్నప్పట్నుంచీ ఉందట. నా బుర్ర తీరే అంతట, పీకల మీదికొస్తేగానీ పని మొదలెట్టదు. అలా భయంతో పరిగెత్తీ పరిగెత్తీ లోపలంతా ఆరిపోయిందట. పడుకుంటే తీరే అలసట కాదంది. ఎవరూ తరమకుండా కొన్నాళ్లు బతకమంది."

"బతుకుదువుగాన్లే, ఎల్లుండి గడిచాక..."

"నాగమల్లేశ్వరిగారు ఇందాక ఫోన్ చేశారు."

"ఎవరూ?"

"నీ బాపట్ల పార్టీయే, పెళ్లికూతురి తల్లి. ఒంట్లో ఎలా ఉందని అడిగారు. వాళ్ల బిందు పెళ్లి ఆదివారం తెల్లవారుజామునట."

"ఆదివారమా? హడావిడిలో ఆవిడేదో..."

"కూతురి ముహూర్తం కన్నతల్లికి తెలీదు, నీకు తెలుసు!"

"అది కాదక్కా..."

"ఏది కాదు?"

"కాస్త ముందుకి చెప్పాను. అంతే. కాస్త."

"ఇదొక్కటేనా?"

"కాఫీ తాగక్కా, చల్లారిపోద్ది."

"ఇదొక్కటేనా అని అడిగాను."

"...అన్నీ."

"అన్నీనా! పూలు చేసి వ్యాన్ ఎక్కించడం, ఒళ్లు తెలీకుండా పడిపోవడం, అదేగా నా బతుకు. పెళ్లెప్పుడో నువ్వు చెప్పిందే నాకు వేదం! ముహూర్తాల మీద కూడా అబద్ధాలాడతారట్రా?"

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు."

"అది సంబంధాలు కుదిర్చేవాళ్లకిరా, నాకు కాదు! నందివెలుగులో ఆ పెళ్లి అసలెప్పుడు?"

"పాత సంగతులు ఇప్పుడెందుకూ?"

"ఎప్పుడు?"

"...నీకు చెప్పిన తర్వాతి వారం."

"ఆ పెళ్లి కోసమే నాగవేణి సీమంతానికి వెళ్లలేదు. ఒక్కగానొక్క చెల్లెలు. పరాయివాళ్ల పెళ్లి ఎక్కువైందా నీకు అని ఫోన్ పెట్టేసింది, ఇవాళ్టిదాకా నేను చేస్తే ఎత్తదు. నాకు వారం ఉందిరా! వెళ్లి దాని చేతికి గాజులు తొడిగి రావడానికి వారం ఉంది!"

"నీ మంచికేనక్కా. నిజం చెప్తే నువ్వు మొదలెట్టవు. పని అందకపోతే చెడ్డపేరు ఎవరికి?"

"పక్కన కూర్చుని మొదలెట్టిద్దామని ఒక్కసారైనా అనుకున్నావా? వెనకాల మంటెట్టి తరిమావు. సొంత తమ్ముడికన్నా ఎక్కువ నమ్మాను నిన్ను. ఏడుద్దామంటే ఏడుపు కూడా రావట్లేదు."

"పోన్లే అక్కా, ఆదివారం దాకా టైముంది కదా మరి..."

"లే. లేచి వెళ్లు. పూలూ లేవు, నేనూ లేను."

"బావా, మీరైనా చెప్పండి!"

"ఆయన్నెందుకు లాగుతావ్? నన్ను తరమంది ఈ లోకంలో ఆయనొక్కరే. ఏవండీ, డాక్టరమ్మ రేపు పదింటికి రమ్మందన్నారుగా? ఇదంతా ఆవిడకి చెప్పాలి. చీర ఇప్పుడే తీసి పెట్టుకుంటాను, పొద్దున ఆలస్యం కాకుండా."

"తొందరేం లేదులే వసూ."

"ఎందుకు లేదు? రేపేగా?"

"...రేపు కాదు. సోమవారం."