పట్టుకున్న ఎర్రర్

ఆస్పత్రి కంప్యూటర్ గదిలో, కొత్త ఇంజనీరు రాసిన కోడ్ చదివి పెద్ద ఇంజనీరమ్మ కళ్లద్దాలు తీసింది.

"ఆపరేషన్ గదివాళ్లు రక్తం అడిగారు. పక్క భవనంలో బ్లడ్‌బ్యాంక్ సర్వర్ పలకనేలేదు. మరి వాళ్ల తెర మీద 'పంపించాం' అని ఎలా వచ్చిందయ్యా?"

"ఎర్రర్ వచ్చింది మేడమ్. కోడ్‌లోనే పట్టుకున్నాను."

"పట్టుకుని?"

"తెర మీద చూపించకుండా వదిలేశాను. ఎర్ర అక్షరాలు చూస్తే డాక్టర్లు కంగారుపడతారని..."

"ఎంత దయ నాయనా! నర్సు బ్లడ్‌బ్యాంక్‌కి ఫోన్ చెయ్యబట్టి సరిపోయింది. లేకపోతే ఎవరికీ కంగారు లేకుండానే పేషెంట్ పోయేవాడు. కళ్లు మూసుకుని ఈ కోడ్‌ని పాస్ చేసిన మహానుభావుడెవడు?"

అతను నేలచూపులు చూశాడు.

"పలకవేం? నువ్వూ ఆ సర్వర్ లాగేనా?"

"మీరే మేడమ్. కోడ్ మీకు పంపిన నిమిషానికే 'చూశాను, బాగుంది' అని జవాబిచ్చారు."

ఈసారి పలకకపోవడం ఆవిడ వంతయింది.