దిగితే మళ్ళీ ఎక్కాలి

రాపూరు కనుమ మీద, మధ్యాహ్నం మూడు గంటలు. రవికుమార్ సైకిలు ముందు చక్రం ఊడదీసి పంక్చరు వేసుకుంటున్నాడు. సుధాకర్ చేతిలో ఫోను ఉంది.

"ఏమంటాడు జడ్సను?"

"రొమ్ములో పట్టేసిందంట రవన్నా. ఎడమ చెయ్యి లాగతా ఉందంట. కింద నాలుగో మలుపు కాడ రాయి మీద కూర్చోనుండాడు. దిగి రండిరా అంటుండాడు."

"గ్యాసు. పొద్దున రాపూరులో నాలుగు పూరీలు లాగించినాడు గదా. ఆ సొల్యూషన్ ట్యూబు ఇటియ్యి."

"గ్యాసు కాదన్నా. గొంతు మారిపోయింది. మామ అట్ట మాట్లాడడం నేనెప్పుడూ విన్లా."

"కొండెక్కితే ఎవురికైనా మారతాది. నాకు మార్లా?"

"నీకు నలభై. ఆయనకి యాభై ఎనిమిది."

"మరి ఎవురు రమ్మన్నారు? విడవలూరు నుంచి గండికోట దాకా సైకిళ్ల మీద పోదాం, పొద్దుగూకితే గుడారం ఏసుకోని పండుకుందాం అన్నదెవురు? నువ్వా, నేనా?"

"ఆయనే."

"కనుమలో ఎవురి కోసం ఎవురూ ఆగేది లేదు, దిగితే మళ్ళీ ఎక్కాల అన్నదెవురు?"

"అది నవ్వులాటకన్నా."

"పోయినేడు ఉదయగిరి కాడ నా మోకాలు పట్టేస్తే ఆగినాడా? పైన నిలబడుకోని ఈల ఏసినాడు."

"నాలిక కింద పెట్టుకునే మాత్రలు నా సంచిలో ఉండాయన్నా. ఆయన సామానంతా నేనే గదా మోస్తుండా. నేను పోతా."

"ఆగరా. పంక్చరు కానీ, ఇద్దరం పోదాం."

"నూటెనిమిదికి చేస్తానంటే వొద్దంటాడు. ఇంట్లో ఫ్లోరత్తకి తెలిస్తే గోల చేస్తాదంట. మీరొచ్చి పక్కన కూర్చుంటే సర్దుకుంటాదంట."

"అయితే సర్దుకుంటాది. ఇంతకీ మాత్రలు ఎప్పుట్నించి?"

"సంకురాత్రి నుంచి. నీకు చెప్పొద్దన్నాడు. పోతుండా అన్నా."

"నీ బ్రేకు చూసుకో ముందు. వెనక బ్రేకు పట్టడంలా నీది."

"పడతా ఉంది."

"చూసుకోమంటుండా గదా."

"చూసినా. బాగుండాది. ఎందుకాపతుండావు నన్ను?"

"నేనెక్కడ ఆపినా?"

"పొద్దున్నుంచీ ఆయనతో ఒక్క మాట మాట్లాడలా నువ్వు. నీళ్లడిగితే బాటిలు రోడ్డు మీద పెట్టి వచ్చినావు, చేతికియ్యలా. నేను గాలి కొట్టిస్తా ఉంటే రాపూరులో ఆయన నీకేం చెప్పినాడు?"

"ఏం చెప్తాడు. పూరీ బాగుందన్నాడు."

"అన్నా."

"ఈ పూట గుడారం కాడ ఆయనే చెప్తానన్నాడు నీకు. అందుకే ఈ ప్రయాణం పెట్టుకున్నాడంట. నన్ను పక్కనుండమన్నాడు, నువ్వు మీద పడతావని భయం. ఆయన నోటితోనే విను."

"ఆయన బతికుంటే గదా వినేది. నీకు జాలి లేదన్నా. కొంచెం కూడా లేదు. మా అన్న చచ్చిపోయినాక ఐటీఐ చదివించినాడు, ఈ సైకిలు కొనిచ్చినాడు, నా కొడుకువేరా నువ్వు అన్నాడు. ఆయన అక్కడ పడుంటే నువ్వు ఇక్కడ ట్యూబుకి ఉప్పుకాయితం రుద్దుకుంటుండావు."

"ఎందుకు చదివించినాడో తెలుసా నీకు?"

"జాలితో."

"జాలి."

"కాకపోతే ఏంది?"

"ఏం లేదు. ఆ గాలి పంపు ఇటియ్యి."

"ఇయ్యను. చెప్పు."

"మీ అన్న ప్రభుదాసు ఆ పొద్దు తాగలేదురా."

"అదేందన్నా కొత్తగా. తాగి, మెయిను ఆపకుండా రొయ్యల గుంటలో దిగినాడు, కరెంటు కొట్టింది. నాలుగేళ్లయింది. ఊరంతా తెలుసు."

"ఊరికి చెప్పిందెవురు? జడ్సనే గదా. ఆయన గుంట, ఆయనే సాక్షి."

"అయితే?"

"తెల్లారుజామున నీళ్లకి గాలి కొట్టే ఏరియేటరు రెక్కకి వల చుట్టుకుంది. వైరు ఎక్కడో చీలుంది. నీళ్లలో గాలి పడిపోయి రొయ్య పైకొస్తా ఉంది. మెయిను ఆపితే ఏరియేటర్లన్నీ ఆగతాయి, పది నిమిషాలాగితే పంటంతా తేలతాది. మీ అన్న మెయిను ఆపితేనే దిగతా అన్నాడంట. ఈయన షెడ్డులోకి పోయి, కాసేపు నిలబడి, బయటికొచ్చి, ఆపేసినా దిగు అన్నాడు."

"ఆపలేదా?"

"ఆపలా."

"మిగతా గుంటల్లో తిరిగే చప్పుడు మా అన్నకి వినపడదా?"

"అడిగినాడంట. అవి జనరేటరు మీద తిరగతుండాయిలే అన్నాడంట."

"రొయ్య కోసమా?"

"రొయ్య కోసమే."

"మరి తాగినాడని... వాసనొచ్చిందన్నా. నేనే ఎత్తినా గదా వాణ్ణి. నోట్లో వాసనొచ్చింది."

"మీరంతా వచ్చేలోపల సీసా నోట్లో వంచినాడు. పొద్దున ఆ మాట చెప్తా ఏడిసినాడు. పూరీ తింటానే ఏడిసినాడు."

"మా అమ్మ నాలుగేళ్లుగా ప్రార్థనలో వాణ్ణే తలచుకోని ఏడుస్తాది. తాగుబోతుని కన్నాను, క్షమించయ్యా అంటాది. చర్చిలో ముందు చాప మీద కూర్చునేది, ఇప్పుడు తలుపు కాడ కూర్చుంటాది."

"తెలుసురా."

"నేను కూడా తిట్టినా. మట్టి పోసేటప్పుడు కూడా తిట్టినా."

"ఏడిస్తే ఏడువు. కూర్చో."

"ఏడుపు రావడంలా."

"సరే, లే. ఇంక లే. దిగుదాం. ఎట్టాంటోడైనా మనిషి గదా. తిట్టేది తిడదువు, కొట్టేది కొడదువు, ముందు ఆ మాత్ర ఇద్దాం పా."

"ఇంతసేపు నువ్వే గదా వొద్దన్నావు."

"కోపంతో అన్నా. ఒక గంట అక్కడ కూర్చోని ఏడవనీ అనుకున్నా. చచ్చిపొమ్మనలా."

"నీ టైరెక్కించుకోని పో అయితే."

"గాలి నిలవడంలా దీంట్లో, చూస్తుండావు గదా. నీ సైకిలియ్యి."

"ఇయ్యను."

"సుధా, ఆట కాదిది."

"ఇయ్యనన్నా."

"మాత్రన్నా ఇయ్యి. నడిచి పోతా."

"సంచిలో యాడుందో తెలీదు."

"పైజేబులో పెట్టినావు, నేను చూసినా."

"చెయ్యి తియ్యన్నా. నా సంచి మీద చెయ్యి తియ్యి. మొహం పగిలిపోతాది."

"నా ఫోను చచ్చింది. నీదియ్యి, నూటెనిమిదికి చేస్తా."

"ఇయ్యను."

"దేవుడు చూస్తాడురా."

"ఆ తెల్లారుజామున కూడా చూసుంటాడు గదా."

"నేను చెప్పకుండా ఉండాల్సింది. నా నోరు పడ."

"చెప్పినావు. అయిపోయింది."

"ఉత్త కాళ్లతోనే పోతుండా. నాలుగు కిలోమీటర్లు, గంట పడతాది. ఆ గంటలో ఆయనకేమన్నా అయితే నీ మీదా నా మీదా ఉంటాది, నువ్వు బతికినంత కాలం."

"పో."

"కడసారి అడుగుతుండా. సైకిలియ్యి."

"పో అన్నా. వెనక్కి తిరిగి చూడబాక."

రవికుమార్ మలుపు దాటి కనపడకుండా పోయాక సుధాకర్ చేతిలో ఫోను మోగింది.

"హలో."

"సుధాకరా. బయల్దేరినారా నాయనా?"

"రవన్న దిగతా ఉండాడు."

"నువ్వో?"

"చెప్పు మామా. ఎట్టుంది?"

"చెమట్లు పోస్తా ఉండాయి. చొక్కా పిండుకోవచ్చు. దవడ దాకా లాగతా ఉంది. మాత్ర నీ కాడే గదా ఉండేది?"

"నా కాడే ఉండాది."

"పాల బండి ఒకటి ఆగింది ఇక్కడ. రాపూరు ఆస్పత్రి కాడ దించతా, ఎక్కు పెద్దాయనా అంటుండాడు. మంచోడు, ఇంజిన్ కూడా ఆపినాడు పాపం."

"ఎక్కినావా?"

"లేదు నాయనా. నీకొక మాట చెప్పాల. ఆస్పత్రిలో ఏమవుతానో ఏమో, చెప్పకుండా పోతే నాకు... నువ్వు దగ్గర్లో ఉంటే ఆగతా. దూరంలో ఉంటే ఎక్కేస్తా. నువ్వెట్టంటే అట్ట."

"ఫోన్లో చెప్పొచ్చు గదా."

"ఫోన్లో చెప్పేది కాదు. నీ కాళ్లు పట్టుకోని చెప్పేది. ఏం చెయ్యమంటావు, తొందరపడుతుండాడు బండాయన."

"బండిని పంపించెయ్ మామా. నేను వచ్చేసినా, ఇంకొక్క మలుపే."