ఎర్రరాళ్ళ గుట్ట పాములు, ఒక ఖాళీ గడి

సభాధ్యక్షులు ఉమామహేశ్వరరావు గారికి, ముందు వరసలో పెద్దలకి, వంటల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నుంచున్న ఆడపడుచులకి, తెలుగంతా అర్థమై ఇంగ్లీషులోనే జవాబు చెప్పే మన పిల్లలకి నమస్కారం.

ఈ దేశం వచ్చి, ఇరవయ్యారేళ్ళు ఈ టూవూంబా ఊళ్ళో ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరై, వచ్చే వారం దూరాన హారిసన్‌లో మా అబ్బాయి రాహుల్ దగ్గరికి వెళ్ళిపోతున్నానని మీరు పెట్టిన సభ ఇది. సన్మానపత్రం చదివారు, చాలా బాగుంది. అందులో ఈ జ్ఞానప్రసూన గారు రక్తపరీక్షలు చేశారు, ఉగాది పచ్చడి కలిపారు, 'మూగజీవాలను ప్రేమించారు' అని ఉంది. (నవ్వులు) ఆ మూగజీవాలు పాములండీ! ఆ మాట రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పైగా ఇందాక ఒకరు నా చెవిలో, "ఆంటీ, స్పీచ్‌లో స్నేక్స్ టాపిక్ వద్దు, ఫ్యామిలీస్ ఉన్నాయి" అన్నారు. అందుకని ఇవాళ పాముల గురించే మాట్లాడతాను.

నా దగ్గరున్నవి పదకొండు చిన్న కొండచిలువలు. విషం లేదు, లైసెన్సు ఉంది. పడమటి వైపు ఒక ఎర్రరాళ్ళ గుట్ట ఉంది, వీటి ముత్తాతలు అక్కడివి. అదే జాతి పాము వేరే చోట మూడు మూరలు పెరుగుతుంది, ఈ గుట్టవి మాత్రం రెండు మూరలు దాటవు. తిండి పెట్టకుండా మాడ్చి చిన్నగా ఉంచుతోందని నామీద చెప్పుకున్నారు, చెప్పినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, నేను అటు చూడను. (నవ్వులు) ఒక ఆడపామును ఏడేళ్ళు కడుపునిండా మేపి చూశాను, రెండు మూరల దగ్గరే ఆగింది. దాని ఎలుకల కోసమే గరాజ్‌లో వేరే ఫ్రీజర్ పెట్టాను, వ్రతానికొచ్చిన ఉదయలక్ష్మి గారు ఐస్‌క్రీమ్ అనుకుని తెరిచింది ఆ ఫ్రీజరే. క్షమించండి ఉదయలక్ష్మి గారూ, మళ్ళీ చెప్పేశాను. (పెద్ద నవ్వులు)

వేరే చోటి పాములతో వీటిని జత కట్టనివ్వనని, పాముల్లో కూడా కులం చూస్తుందన్న మాట కూడా నా చెవిన పడింది. కాదండీ. ఏది ఎక్కువో ఏది తక్కువో నేను ఏనాడూ చూడలేదు, ఏది ఎక్కడిదో చెరిపెయ్యకూడదన్నాను, అంతే. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ళ పేర్లున్నాయో చూసుకోండి, ఆ ఊరి మొహం మనం ఎప్పుడూ చూడకపోయినా పేరు మాత్రం వదులుకోం. ఈ పాములకి ఆ గుట్టే ఇంటిపేరు.

మన కార్తికేయ మంచి కుర్రాడు, పాములంటే ప్రాణం. నేను వెళ్ళిపోతున్నానని తెలిసి, పాముల్ని తనకిమ్మని అడగడానికి మొన్న వచ్చి, "ఆంటీ, ఇంత చిన్నవి ఎవరిక్కావాలి? ఒక పెద్ద మేల్‌తో క్రాస్ చేస్తే రెండు జనరేషన్స్‌లో సైజూ కలరూ వచ్చేస్తాయి. గుట్ట పేరు అలాగే ఉంచుదాం" అన్నాడు. నాయనా, నీ పాముల్ని నీ ఇష్టమొచ్చినట్టు పెంచుకో. నా పాముల్ని మాత్రం నీకివ్వను, ఆ పేరు అసలే ఇవ్వను. ఒకసారి కలిశాక మళ్ళీ విడదియ్యడం ఎవరి వల్లా కాదు.

నా పదకొండు పాములూ, వాటి తల్లీ తండ్రీ ఎవరో రాసిన రిజిస్టరూ మున్సామి గారికి ఇస్తున్నాను. అదిగో, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా వెనక తలుపు దగ్గర నుంచున్నారే, ఆయనకి. (గుసగుసలు) వినపడింది. "ఆయనది ఏ ఊరో ఆయనకే తెలీదు, పాముల ఊరు ఏం కాపాడతాడు" అంటున్నారు. చెబుతాను, వినండి.

పందొమ్మిదేళ్ళ క్రితం ఈ సంఘానికి కార్యదర్శిని నేనే. ఫిజీ నుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరు సభ్యత్వం ఫారం పంపారు. 'స్వగ్రామం, జిల్లా' అన్న గడి ఖాళీగా ఉంది. ఎర్రసిరాతో 'వివరాలు అసంపూర్ణం' అని రాసి తిప్పి పంపాను. ఆయన మళ్ళీ పంపలేదు. నాలుగేళ్ళ తరవాత నా పాము ఒకటి తప్పించుకుంటే, పక్క వీధిలో ఉండే పెద్దమనిషి దాన్ని దిండుగలీబులో వేసుకుని తెచ్చి, "దీనిది ఏ ఊరమ్మా?" అని అడిగారు. నేను అరగంట లెక్చరిచ్చాను. అంతా విని, "పాముకి కూడా ఊరు రాసిపెట్టినారు, మంచి పని" అని వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఇరుగుపొరుగు పేరు చెబితే తెలిసింది, నేను ఫారం తిప్పి పంపిన మున్సామి ఈయనేనని. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పట్నుంచి ఆ రిజిస్టరు మేమిద్దరం కలిసి రాస్తున్నాం. ఒకసారి ముచ్చటైన మగపాము దొరికింది, అమ్మినాయన ఆ గుట్టదే అనుకుంటానన్నాడు. రాసెయ్యబోతుంటే మున్సామి గారు పేజీ మీద చెయ్యి పెట్టారు. "అనుకుంటే కాదమ్మా. మా తాత ఫిజీ చెరకు తోటల్లో కూలికని మద్రాసులో ఓడ ఎక్కినప్పుడు, కాగితం రాసుకున్నోడు కూడా ఊరి పేరు ఏదో అనుకుని రాసినాడు. ఆ పేరుతో ఊరే లేదు. ఎంత వెతికినా దొరకలేదు."

ఆ మగపామును రిజిస్టరులో చేర్చలేదు. ఊరి పేరు ఖరీదేమిటో, అది పోగొట్టుకున్న మనిషికంటే ఎవరికి తెలుస్తుంది చెప్పండి? ఆయనకి డెబ్బయ్యారు. ఆయన తరవాత మనవరాలు శాల్విన చూసుకుంటుంది, ఆ అమ్మాయి పేరు మీద లైసెన్సు నిన్ననే వచ్చింది.

అధ్యక్షులవారూ, ఒక్క పని మిగిలింది. ఇదే ఆ ఫారం. ఆయన పారెయ్యలేదు, నేను అడిగి తీసుకొచ్చాను. నా ఎర్రసిరా కొట్టేసి కింద సంతకం పెట్టాను. ఊరు గడి ఖాళీగానే ఉంది, అలాగే ఉండనివ్వండి, అందులో ఎవరూ ఏదో ఒకటి అనుకుని రాయొద్దు. తెలియనిది తెలియదని ఒప్పుకున్న ఆ గడి కంటే నిజమైనది మన సభ్యుల పుస్తకంలో ఇంకోటి లేదు. మీరు దీనిమీద సంతకం పెట్టాకే నాకు శాలువా కప్పండి. కుదరదంటే ఆ పుస్తకంలో నా పేరు కొట్టెయ్యండి. నాకేం తొందర లేదు, ప్రయాణం వచ్చే వారం, ఇక్కడే నుంచుంటాను.

(అధ్యక్షులు జేబులో కలం వెతుక్కున్నారు. సంతకం చేశారు. చప్పట్లు.)

థాంక్సండీ. మున్సామి గారూ, ఇప్పుడైనా ముందుకొచ్చి కూర్చోండి.

ఇక సెలవు.